ఏ నెత్తికీ ఎక్కని విగ్గు

రాజుగారి విగ్గు లోపల నెత్తురు మరక ఉంది, ఆ విగ్గేమో ఇంకా ఏ నెత్తికీ ఎక్కలేదు. తోలిన కొద్దీ తిరిగొచ్చే ఈగలా ఆ మరక మళ్లీ వచ్చి ఆమె కళ్ల ముందు వాలింది. ఇప్పుడే రావాలా? స్కానింగు యంత్రం గొట్టంలో ముఖం పక్కకి పెట్టి బోర్లా పడుకుని, కుడిచెయ్యి తల మీదుగా ముందుకు చాపి, ఆ చేతిని ప్లాస్టిక్ గూట్లో బిగించి, చెవులకి డిప్పలు తగిలించుకుని, ఊపిరి కూడా అడిగి పీల్చాల్సిన ఈ గంటలోనే రావాలా? "కదలొద్దమ్మా. కదిలితే బొమ్మ చెడుతుంది, మళ్లీ మొదట్నించీ తియ్యాలి" అన్నాడు స్కానింగు తీసే ఆయన. ఆ మాట అన్నాడో లేదో మోచెయ్యి దురద పెట్టింది. అప్పటిదాకా బుద్ధిగా ఉన్న మోచెయ్యే! వద్దన్న పని చెయ్యడంలో ఒంటికున్న శ్రద్ధ చేయమన్న పనిలో ఉండదు. మోచేతి మీద వెండిరంగు పొట్టు లేచిన చోట చీమలబారు బయల్దేరినట్టుంది. చీమల్ని లెక్కచెయ్యకూడదు, ఇంకేదైనా ఆలోచించాలి అనుకుంది. ఇంకేదైనా అంటే మనసు పోయి పోయి ఆ విగ్గు మీదే కూర్చుంది.

దడ్ దడ్ దడ్ దడ్. యంత్రం మొదలుపెట్టింది. అచ్చం కొత్త నాటకం తెర లేవబోయే ముందు వేదిక మీద వడ్రంగులు మేకులు దిగ్గొట్టే చప్పుడే. ఆ చప్పుడు పైన వినబడుతుంటే కింద విగ్గుల గదిలో ఆమె, నాన్న ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని, చెక్క తలకి బిగించిన జాలీ గుడ్డలో చిన్న కొక్కెం దూర్చి ఒక్కొక్క వెంట్రుకే ముడివేస్తూ పోయేవాళ్లు. వడ్రంగులకి తొందర, లైట్లవాళ్లకి తొందర, రాజుగారికి మరీ తొందర. ఆయన నిజం రాజు కాదు, నాటకశాలలో ఎప్పుడూ రాజు వేషమే కట్టే ముసలి నటుడు. క్యాంటీన్లో టీ తీసుకోవడానికి కూడా సామంతుడి కానుక అందుకున్నట్టు చెయ్యి చాపుతాడు. ఆయనెంత గింజుకున్నా వెంట్రుకకి తొందర లేదు. దాని దారిన అది ముడిపడాలి. "మనది చీమల కులమే అమ్మలూ, మోసిందే కొండ" అనేవాడు నాన్న. అదిగో, మళ్లీ చీమలు. మోచెయ్యి. కదలకూడదు.

విగ్గుల గదిలో చట్టం ఒక్కటే: ఒట్టి నెత్తి మీద విగ్గు పెట్టకూడదు. ముందు గుడ్డ టోపీ, దాని మీద విగ్గు. రాజైనా సరే, రాజు గుర్రాన్ని పట్టుకునేవాడైనా సరే. ఆ చట్టం పెట్టింది నాన్నే, గదికి మేస్త్రీ ఆయనే. రాజుగారి కొత్త విగ్గు చెక్క తల మీంచి తీసి తిప్పి చూసిన రోజు, నడినెత్తి దగ్గర జాలీకి లోపలివైపు కందిగింజంత మరక. ఎర్రగా లేదు, ఎండి గోధుమరంగులోకి తిరిగింది. పక్కనే తెల్లటి పొట్టు రెండు రేకులు. రాజుగారు ఇంకా కొలతకే రాలేదు. ఆమె తలుపు వైపు చూసి, కత్తెర తీసి, ఆ ముక్క కోసేసి కొత్త గుడ్డ అతికి, వెంట్రుకలన్నీ మళ్లీ ముడివేసి, ఎవరికీ చెప్పలేదు. తర్వాత దొంగని వెతికింది. ముందు జిగురు మీద అనుమానం, ఆ మధ్య జిగురువాడు డబ్బా మార్చాడు. నిలదీస్తే పాపం ఆయన ఆ జిగురు తన నుదుటికే రాసుకుని చూపించాడు, అది పీకలేక పొద్దుపోయేదాకా అక్కడే కూర్చున్నాడు. జిగురు నిర్దోషి. ఎలుక విగ్గు కొరుకుతుంది గాని నెత్తురు కార్చదు. ఇంక మిగిలిందెవరు? ఆమె తన చేతులు చూసుకుంది. బొటనవేలి పక్కన చర్మం పగిలి ఉంది. చొక్కా చేతులు పైకి లాగింది. మోచేతుల మీద, ఎండిన చెరువు అడుగులా, వెండిరంగు పెచ్చులు. ఎప్పట్నించో ఉన్నవే, పొడి చర్మమని నూనె రాసి ఊరుకున్నవే. దొంగ దొరికింది. తీర్పు కూడా తనే చెప్పుకుంది. శిక్ష మాత్రం ఇద్దరికి పడింది.

టక్ టక్ టక్, ఈసారి సన్నగా, తలుపు తట్టినట్టు. చిట్టి అలాగే తడుతుంది స్నానాలగది తలుపు, అమ్మా జడ, అమ్మా జడ అంటూ. చిట్టి ఆమె ఒక్కగానొక్క కూతురు, నడుం దాటిన జుట్టు. మరక కనబడిన మర్నాటి నుంచి ఆ జడ పక్కింటి పిన్నిగారు వేస్తున్నారు. నాటకం బృందంతో ఊళ్లు తిరిగే లైట్ల మనిషి, అంటే చిట్టి నాన్న, ఇంటికొచ్చినప్పుడు ఆయన వేస్తాడు. అది జడలా ఉండదు, వైరు చుట్టలా ఉంటుంది. ఆమె మాత్రం ముట్టుకోలేదు. ఏమిటో తెలియని పొట్టు, ఏమిటో తెలియని నెత్తురు, కన్నకూతురి నెత్తికి ఎలా తగిలిస్తుంది? ఒకసారి రబ్బరు తొడుగులు వేసుకుని మొదలుపెట్టింది. జుట్టు రబ్బరుకి చిక్కుకుని చిట్టి కెవ్వుమంది. "నన్ను డాక్టరు ముట్టుకున్నట్టు ముట్టుకుంటున్నావేంటి?" అంది. చెయ్యి నొప్పమ్మా అని ఈమె. "మరి రాజుగారి జుట్టు నొప్పి లేకుండానే అల్లుతున్నావుగా" అని అది. పిల్ల కాదు, ప్లీడరు. ఆమె పొయ్యి మీద పాలు చూడ్డానికి వెళ్లింది. పొయ్యి మీద పాలు లేవు.

ఆ ప్రశ్న తనూ అడిగింది ఒకప్పుడు, నోటితో కాదు. గొట్టంలోని తెల్లటి గోడ ముక్కుకి బెత్తెడు దూరంలో ఉంది, అది చూస్తుంటే విగ్గుల గదిలో సున్నం వేసిన పాత గోడ, దాని ముందు పొడుగు బల్ల, బల్ల మీద వరసగా చెక్క తలలు కనిపించాయి. చిన్నప్పుడు బడి లేని రోజున అమ్మ ఆమెని అక్కడ దింపి పోయేది. నాన్న దువ్వెన పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూ రాణికి, చెలికత్తెకి, మంత్రికి, ముసలమ్మకి అందరికీ దువ్వేవాడు. ఎంత మెల్లగా దువ్వేవాడంటే, చెక్కకి నొప్పి పుడుతుందేమోనన్నట్టు. ఇంట్లో మాత్రం ఆమె తల ఎన్నడూ ముట్టలేదు, జడలన్నీ అమ్మే వేసేది. ఓ రోజు ఆమె ఓ ఎత్తు వేసింది. స్టూలెక్కి, మంత్రికి ముసలమ్మకి మధ్య బల్ల మీద కూర్చుని, కళ్లు బిగించి, చెక్కలా కదలకుండా ఉండిపోయింది. దువ్వెన చప్పుడు దగ్గరికొచ్చింది. రాణి అయింది, చెలికత్తె అయింది, మంత్రి అయ్యాడు. తర్వాత తన వంతు. చప్పుడు ఆగింది. తారు వాసన, నాన్న వాసన, ముఖం మీదికి వచ్చింది. ఆ తర్వాత చప్పుడు ముసలమ్మ మీద మొదలైంది. "నీకు మీ అమ్మ దువ్వుతుందిగా, దిగు దిగు" అని నవ్వాడు. ఆడపిల్లని కాబట్టి ఇష్టం లేదేమో అనుకుంది. చాలా ఏళ్లు అదే అనుకుంది. చెక్క తలకున్న పాటి అదృష్టం కూడా లేని నెత్తి అని అద్దంలో తనని తనే వెక్కిరించుకుంది. ఆ రోజు కదలకుండా కూర్చున్నందుకు ఫలితం దక్కలేదు, ఈ రోజైనా దక్కాలి. కదలకూడదు.

చాపిన చేతిలో చూపుడువేలు బరువుగా ఉంది. దీనికోసమే ఈ గొట్టం, ఈ దడదడ. వేలంతా ఒకేలా, కొస నుంచి మొదలు దాకా అరటిపండులా వాచింది. వాచిన రోజున ఆమె ఏడవలేదు సరికదా, గర్వపడింది! ఎవరికైనా చెబితే నవ్వుతారు. వాళ్లింట్లో దాన్ని కొక్కెం వేలంటారు. గోడ మీద ఫోటోలో తాత టోపీ పెట్టుకుని కొక్కెం పట్టుకుని కూర్చుంటాడు, ఆయన వేలు అలాగే లావుగా ఉంటుంది. నాన్న వేలు ఒకప్పుడు వాచి, తర్వాత వంగిపోయి, ఇప్పుడు కొక్కెంలాగే బిగుసుకుపోయింది. కొక్కెం పట్టినవాడికి కొక్కెం వేలు రాకపోతే వాడు పనివాడే కాదని ఇంట్లో సామెత. బుద్ధి తెలిసినప్పట్నించీ వింటున్న మాట, పొద్దు తూర్పున పొడుస్తుందన్నంత నమ్మకం. అందుకే వేలు వాయగానే పరుగెత్తుకెళ్లి నాన్నకి చూపించింది, నాకూ వచ్చింది చూడు అని. నాన్న ఆ వేలు పట్టుకుని చూశాడు. "ఇక నువ్వూ మేస్త్రీవే" అన్నాడు. అని, ఏదో మరిచిపోయినవాడిలా లేచి బయటికెళ్లిపోయాడు. చాలాసేపు రాలేదు. మురిసిపోతున్నాడనుకుంది ఆమె. పొద్దున్నే ముడి విప్పని పిడికిలి, దువ్వెన జారిపోయే చెయ్యి, మెట్లు దిగుతుంటే మడమలో సూది, ఇవన్నీ మేస్త్రీతనానికి కట్టే పన్నులనుకుంది. కొక్కెం పట్టలేని రోజులు వరసగా వచ్చాకే, ఇక ఈ చెయ్యి కూడు పెట్టదేమోనన్న భయం పుట్టాకే, కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరింది. నేనూ వస్తానని నాన్న.

డాక్టరమ్మ వేలు తర్వాత చూసింది, ముందు గోళ్లు చూసింది. గోళ్ల మీద గుండుసూదితో పొడిచినట్టు సన్నసన్న గుంటలున్నాయని ఆమెకి అప్పటిదాకా తెలీదు. చెవుల వెనకాల చూసింది, మోచేతులు చూసింది, మోకాళ్లు చూసింది. ఈమె కొక్కెం వేలి కథంతా చెప్పింది, తాతతో సహా. డాక్టరమ్మ శ్రద్ధగా విని, "చెప్పులు విప్పండి" అంది. ఎడంకాలి నాలుగో వేలు కూడా అలాగే వాచి ఉంది. "కాలితో కూడా విగ్గులు అల్లుతారా?" అంది. ముగ్గురూ నవ్వారు. కాదు, ఇద్దరే నవ్వారు. నాన్న కప్పు కేసి చూస్తున్నాడు. ఈ సంగతి ఇప్పుడు, ఈ గొట్టంలో, ఈ చప్పుళ్ల మధ్య ఎందుకు గుర్తొచ్చింది? అప్పుడు పట్టించుకోలేదు. అప్పుడు ఆమె చెవులు ఒక్కమాట కోసమే నిక్కి ఉన్నాయి, డాక్టరమ్మ ఆ మాటే చెప్పింది. "దీన్ని సోరియాసిస్ అంటారు. దాంతోపాటు వచ్చే కీళ్లవాపు ఇది. రెండూ ఒకే తాను ముక్కలు. ఒంటికి కాపలా కాసేవాడు చీకట్లో ఇంటాయన్నే దొంగనుకుని బాదేస్తున్నాడన్నమాట. చర్మం మీద దెబ్బ పైకి కనబడుతుంది, కీలు మీద దెబ్బ లోపలుంటుంది. అంతే. ఇది అంటుకోదు." ఆమె మళ్లీ అడిగింది. అంటుకోదు. దువ్వెనతో? అంటుకోదు. పిల్ల నెత్తికి నా చెయ్యి తగిలితే? "తగలకపోతేనే పిల్లకి జబ్బు చేస్తుంది" అంది డాక్టరమ్మ. అక్కడే, ఆ కుర్చీలోనే, ఆమె పగలబడి నవ్వింది, కళ్లవెంట నీళ్లు కారేలా. ఇన్నాళ్లూ నెత్తిన మోసిన బండరాయి బెండుముక్క అని తేలితే నవ్వక ఏం చేస్తారు?

ఆ నవ్వు ఇప్పటికీ పొట్టలో ఎక్కడో ఉంది, కదిలిస్తే పైకొచ్చేలా ఉంది, కదలకూడదు. ఇంకో భయం మాత్రం మిగిలింది. తొందరగా పట్టుకుంటే మందులు దీన్ని అదుపులో పెడతాయి, ఆలస్యమైతే వాపు ఎముకని తినేస్తుంది, తిన్న ఎముక తిరిగిరాదు, వేలు వంగిపోతుంది అంది డాక్టరమ్మ. "తిన్నదో లేదో స్కానింగులో చూద్దాం. నేనే వచ్చి దగ్గరుండి చూస్తాను." తినేసి ఉంటే కొక్కెం పోయినట్టే, గది పోయినట్టే. ఆ తర్వాత ఇంకో ప్రశ్న అడిగింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా పొట్టు రాలే జబ్బుందా? ఇది అంటుకోదు గాని వంశంలో దిగొస్తుంటుంది, తెలిస్తే మాకు దారి తేలికవుతుంది." ఎవరికీ లేదండీ అంది ఆమె. డాక్టరమ్మ నాన్న వైపు తిరిగింది. "మీకండీ?" నాన్న రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. "నాకా? నాకేం, గుండ్రాయిలా ఉన్నాను." డాక్టరమ్మ ఆయన తల వైపు ఓ క్షణం ఎక్కువే చూసి, జుట్టు చాలా బావుందంది. "నేనే చేసుకున్నానండీ. కొట్టుకి బోర్డుంటుంది, నాకది నెత్తి మీదుంది" అన్నాడు. ఎప్పుడూ చెప్పే జోకే. నాన్న విగ్గు లేకుండా ఉండగా ఆమె ఎన్నడూ చూడలేదు. కింద ఉన్నది ఉత్త బట్టతలే అనుకుంది, అందులో చూసేందుకేముంది? నాన్న తలగడ గలీబులు అమ్మ విడిగా ఉతికేది. నాన్న స్నానాలగదిలో గడియపెట్టుకుంటే గంట. బయటికొస్తే తారు వాసన. అది జిగురు వాసన అనుకుంది. జిగురుకి తారు వాసన ఎక్కడిది? ఆమె జిగురుతో పుట్టి పెరిగింది, జిగురు వాసన తనకి తెలీదా?

గుయ్యి... యంత్రం గొంతు మార్చింది, చెవుల్లో తుమ్మెదని వదిలినట్టు. ఇందాక లోపలికి వచ్చేముందు నాన్న పట్టుబట్టాడు, మా అమ్మాయికి మూసిన గదులంటే భయం, నేను పక్కన నిలబడతానని. స్కానింగాయన ఒప్పుకున్నాడు. "ఇనుము మాత్రం ఉండకూడదు. ఉంగరం, బెల్టు, తాళాలు, తలలో పిన్నులు, క్లిప్పులు. యంత్రం లాగేసుకుంటుంది." అంతదాకా తలుపు గుమ్మంలో ఉన్న నాన్న వెనక్కి అడుగేశాడు. "నేను బయటే ఉంటాను లెండి" అన్నాడు. విగ్గుకి నాలుగు వైపులా క్లిప్పులుంటాయి. విగ్గు తీసి కుర్చీ మీద పెట్టి రావచ్చుగా, ఇక్కడ చూసేదెవరు, అనుకుని ఆమెకి చిన్నగా మనసు నొచ్చుకుంది. అప్పుడూ ఇంతే, ముసలమ్మ దగ్గరికి దాటిపోయాడు. ఇప్పుడూ దాటిపోయాడు. మోచేతి మీద చీమలబారు భుజం దాకా వచ్చేసింది. ఇంక ఆగలేను, గోకేస్తాను, బొమ్మ చెడితే చెడింది, ఎముక ఉంటే ఉంది పోతే పోయింది. వేళ్లు బిగిశాయి. సరిగ్గా అప్పుడే ఎవరో ఆమె పాదం పట్టుకున్నారు.

స్కానింగాయన కాబోలు. కాదు, ఆయన అద్దాల గదిలో ఉన్నాడు, ఇప్పుడే చెవిలో దగ్గాడు. పాదం మీద వెచ్చటి అరచెయ్యి. చిన్నప్పుడు జ్వరమొస్తే మంచం చివర కూర్చుని పాదాలు పట్టుకునే చెయ్యి. ఎప్పుడూ పాదాలే. నాలుగు వేళ్లు చుట్టూ ఒదిగాయి, అయిదోది ఒదగలేదు. గట్టిగా, వంకరగా, మడమకి కొక్కెంలా తగిలింది. ఆమె తల తిప్పలేదు, తిప్పకూడదు. ఇనుముతో లోపలికి రాకూడదు. మరి ఈ చెయ్యి లోపలికి ఎలా వచ్చింది? వచ్చిందంటే తలమీద... ఆలోచన అక్కడిదాకా వెళ్లి, గుమ్మంలో నాన్నలాగే, ఆగింది. విచిత్రంగా చీమలు కూడా ఆగాయి. దడదడ సాగిపోయింది, వడ్రంగులు చివరి మేకులు కొట్టారు, పాదం మీది చెయ్యి వదల్లేదు. పక్కనే తారు వాసన. ఎంత హాయిగా ఉందో ఆ వాసన! చెవి డిప్పలో గరగరమని డాక్టరమ్మ గొంతు. "అయిపోవచ్చిందమ్మా. బొమ్మలు చూశాను. వాపే, ఎముకని ఎక్కడా తినలేదు. సమయానికి వచ్చారు. మందు మొదలుపెడితే కొక్కెం మళ్లీ పట్టుకుంటారు." కదలకూడదు కాబట్టి ఏడవడానికి కూడా లేదు. కళ్లలోంచి నీరు దానంతట అదే కారి ముక్కు చివర నిలబడింది. చిట్టికి ఈ పూట రెండు జడలు వెయ్యాలి. కాదు, విప్పి మళ్లీ వెయ్యాలి, అది విసుక్కుని పారిపోయేదాకా.

బల్ల వెనక్కి జారింది. వెలుగు. ఆమె పక్కకి తిరిగి చూసింది. కాళ్ల దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు, ఆమె ఎన్నడూ చూడని మనిషి. నెత్తంతా ఎర్రటి మచ్చలు, మచ్చల మీద వెండి పెచ్చులు, అక్కడక్కడ నాలుగు తెల్ల వెంట్రుకలు, నడినెత్తిన గోకిన చోట ఎండిన నెత్తురు, కందిగింజంత. అద్దం అవతల కుర్చీలో, ఆమె గాజుల పక్కన, ఆయన నల్లటి జుట్టు పెంపుడు పిల్లిలా ముడుచుకుని పడుకుంది. ఆయన చెయ్యి ఇంకా పాదం మీదే ఉంది.

"క్లిప్పులతో రానివ్వరుగా. బయట కూర్చుని చాలాసేపు చూశానమ్మలూ, ఇంక లాభం లేదని తీసి పడేశాను. చూడు, ఫరవాలేదు, అంటుకోదటగా. ఆ మాట ఆవిడ చెప్పినప్పుడు నువ్వు నవ్వావు, నేను చేతులు జేబుల్లో దాచుకున్నాను. మా నాన్న టోపీ తియ్యలేదు, నేను గడియపెట్టుకుని తారు మందు రాసుకున్నానే గాని విగ్గు తియ్యలేదు. కొక్కెం వేలూ లేదు, గాడిదగుడ్డూ లేదు, మాకూ ఇదే. రాజుగారి విగ్గులో నెత్తురు నాదే. నాది ఉతికి ఆరేశాను, గదిలో ఎవరూ లేరు, ఆయన కొలతా నా కొలతా ఒకటే, గుడ్డ టోపీ లేకుండా ఒక్కసారి పెట్టుకున్నాను. నువ్వు ఆ ముక్క కోసి పారేశావనీ తెలుసు, నేరం నీ మీద వేసుకుని చేతులకి తొడుగులు తొడిగావనీ తెలుసు. నోరు రాలేదు. మొన్న ఆవిడ ఎదురుగా అడిగినా అబద్ధమే చెప్పాను, ఇప్పుడు వెళ్లి సరిదిద్దుకుంటాను. కానీ ముందు నీకు చెప్పాలి. ఆ రోజు చెక్క తలల మధ్య కళ్లు మూసుకుని కూర్చున్నావు చూడు, దువ్వెన నీ పాపిడి దాకా తెచ్చానే. నా చెయ్యి తగిలితే నీకొస్తుందనుకున్నాను. ఆ రోజూ తగలనివ్వలేదు, ఆ తర్వాతా ఎప్పుడూ తగలనివ్వలేదు. అంత జాగ్రత్తగా కాచి, దువ్వెనొక్కటే దాచుకుని, నా ఒంట్లోది నీకిచ్చింది మాత్రం నేనే తల్లీ."